నోట్లో దూది

నా మొదటి కాన్పుకి మా అమ్మ సర్దిన సంచిలో పాత చీరలు, చింపిన పంచె ముక్కలు, ఒక చెంబు, సబ్బుబిళ్ళ, వాటి మధ్య ఒక దూది ఉండ ఉన్నాయి. మాది దూదేకుల ఇల్లు. నాన్న గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. దూదికి కొదవ లేని ఇల్లయినా అమ్మ ఆ ఉండని ఆషామాషీగా చెయ్యలేదు. గింజా నలకా లేకుండా ఏరి, మెత్తగా ఏకించి, మల్లుగుడ్డలో పెట్టి గట్టిగా చుట్టి, చుట్టూ దారంతో కుట్టింది. నిమ్మకాయంత ఉంది. అది పుట్టబోయే బిడ్డకి కాదు, నా నోటికి.

“నొప్పులొచ్చినప్పుడు ఇది పళ్ళ మధ్య పెట్టుకో,” అంది. “ఎంతొచ్చినా నోరు తెరవమాక. తెరిస్తే కొడతారంట.”

మా ఇళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు. గోడకి గోడ ఆనుకుని ఉండే సందులో మాదొక ఇల్లు. ఆడదాని గొంతు గడప దాటకూడదని పెద్దవాళ్ళెవరూ నోటితో చెప్పేవాళ్ళు కాదు, చెప్పాల్సిన అవసరం లేకుండా పెంచేవాళ్ళు. అమ్మ మమ్మల్నందరినీ ఇంట్లోనే, నాన్న కుట్టిన పరుపు మీదే కన్నది. అప్పుడు అమ్మ పళ్ళ మధ్య కూడా ఇలాంటి ఉండే ఒకటి ఉండేదట. బిడ్డ ఏడిస్తే తప్ప పక్కింటివాళ్ళకి కాన్పు జరుగుతున్న సంగతి తెలిసేది కాదట. మా సందులో ఆడవాళ్ళు అమ్మను ఎన్నో ఏళ్ళపాటు ఆ విషయానికే మెచ్చుకున్నారు. వంట బాగా చేస్తుందనో, పిల్లల్ని పద్ధతిగా పెంచిందనో కాదు, అరవకుండా కన్నదని.

నా వంతు వచ్చేసరికి మా ఊరి మంత్రసాని మంచాన పడింది. ఆసుపత్రిలోనే కనాలని నర్సమ్మలు ఇంటింటికీ వచ్చి చెప్పి వెళ్ళేవాళ్ళు. అక్కడికి వెళ్ళొచ్చిన ప్రతి బాలింతా మా అమ్మకి ఒకటే మాట చెప్పింది, అరిస్తే తొడల మీద కొడతారని. అమ్మ ఆలోచించింది. ఇంటి పరువు దక్కాలి, కూతురికి దెబ్బలూ తగలకూడదు. రెండింటికీ కలిపి ఆమెకి దొరికిన ఉపాయం ఆ ఉండ. బుద్ధిగా ఉన్నవాళ్ళని బాగా చూసుకుంటారని మా అమ్మ నమ్మింది. నా జన్మలో ఇంతకన్నా పెద్ద అబద్ధం నేను వినలేదు.

ఆసుపత్రి ఏ ఊళ్ళోదో చెప్పను. చెబితే ఆ ఒక్కచోటే అలా ఉండేదనుకుని చదివేవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. తొంభైల చివర్లో, మా వైపు, ఒక మోస్తరు టౌనులో ఉన్న సర్కారు ఆసుపత్రి అంటే చాలు. మిరపకోతలు ముగింపుకొస్తున్న రోజులు. ఆటోలో వెళుతుంటే దారి పొడుగునా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి నాకు తుమ్ములొచ్చాయి. తుమ్మినప్పుడల్లా నొప్పి నడుములో లేచి పొట్టలోకి చుట్టుకుంది. అమ్మ ఒక చేత్తో నా వీపు రాస్తూ, ఇంకో చెయ్యి సంచిలో పెట్టి ఉండ ఉందో లేదో తడిమి చూసుకుంది. బిడ్డ లోపల తన్నుతూనే ఉంది. నెలలు నిండినప్పటి నుంచీ దానికి ఒక్కచోట నిలకడ లేదు. అది క్షేమంగా బయటికొస్తే చాలు, ఇంకేం అక్కర్లేదని నేను దారంతా అనుకుంటూనే వెళ్ళాను.

కాన్పుల గది తలుపు దగ్గరే అమ్మని ఆపేశారు, సంచి మాత్రం నాతో రానిచ్చారు. లోపల వరసగా ఇనప బల్లలు, వాటి మీద చిరిగిన రెక్సిన్. చీర విప్పమన్నారు. మొద్దుబారిన బ్లేడుతో ఆయా గీకింది. మంటకి కొంచెం కదిలాను. “కదిలితే తెగిద్ది. తెగితే నీకే, మాకేం బాధలేదు,” అంది. తలుపు బార్లా తీసే ఉంది. వరండాలో మగవాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒకతను బకెట్ కోసం లోపలికొచ్చి, తల పక్కకి తిప్పుకోవాలన్న ఇంగితం కూడా లేకుండా నన్ను చూసుకుంటూ వెళ్ళాడు. పెళ్ళయి ఏడాది దాటినా నా మొగుడి ముందు కూడా వెలుతుర్లో నేను అలా లేను.

నర్సు వచ్చి పరీక్ష చేసింది. చెయ్యి పెడుతున్నానని ఒక్క మాట చెప్పలేదు. నా మొహం వైపు చూడలేదు. కొత్తగా తెరిచిన చీరల కొట్టు గురించి అవతలి నర్సుతో మాట్లాడుతూనే లోపల చెయ్యి తిప్పింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి.

“ఎన్నోది?”

“మొదటిదండీ.”

“సాయిబులా? అయితే మళ్ళీ మళ్ళీ వస్తావులే మా దగ్గరికి. మీవాళ్ళు దీంతో ఆపరుగా.” అవతలి నర్సు నవ్వింది. నేను ఉండ పళ్ళ మధ్య పెట్టుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాను.

పక్క బల్ల మీద ఒకామె ఉంది. నాకన్నా కొంచెం పెద్దది. మిరపకాయలు కోస్తూ కోస్తూ చేలోనే నొప్పులొచ్చి, అట్నుంచి అటే వచ్చిందట. చేతులకి కారం ఇంకా పోలేదు. ఆ చేతుల్తోనే చెమట తుడుచుకుంది, కళ్ళు మండాయి. అటు కళ్ళ మంట, ఇటు నొప్పులు. ఆమె అరుపుకి కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. మొగుణ్ణి తిట్టింది, అత్తని తిట్టింది, ఎప్పుడో చచ్చిపోయిన తల్లిని పిలిచింది. నర్సు వెళ్ళి తొడ మీద ఫెడీమని కొట్టింది.

“మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేదా ఈ ఏడుపు? అప్పుడు నవ్వుకున్నావుగా? ఇప్పుడు మా ప్రాణాలెందుకు తీస్తావే?”

ఆమె ఇంకా గట్టిగా అరిచింది. మళ్ళీ కొట్టింది. దెబ్బ పడ్డ చోట అయిదు వేళ్ళూ తేలాయి. ఒక్కో దెబ్బకీ నా తొడలు నాకు తెలియకుండానే దగ్గరికి ముడుచుకున్నాయి. అప్పుడు నర్సు నా వైపు చెయ్యి చూపించి, “ఆ పిల్లని చూసి నేర్చుకో. తొలికాన్పు. ఎంత బుద్ధిగా పడుకుందో చూడు,” అంది. అంత నొప్పిలోనూ నాకు గర్వంగా అనిపించింది. వంకర పోకుండా చెప్పాలంటే, బళ్ళో పంతులు మెచ్చుకున్నప్పుడు కూడా నాకంత గర్వంగా అనిపించలేదు.

కాసేపటికి నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం లేకుండా పోయింది. నడుము రెండుగా విరుస్తున్నట్టుంది. ఉండ తీసి చేతిలో పట్టుకుని, అటుగా వెళుతున్న నర్సుని పిలిచాను.

“సిస్టర్, నొప్పి బాగా వస్తోందండీ.”

ఆమె ఆగింది. నా మొహం చూడటం అదే మొదటిసారి. “నొప్పంటే ఏంటో తెలుసా నీకు?” అని పక్క బల్ల వైపు గడ్డం ఎగరేసింది. “అదిగో, అదీ నొప్పంటే. నువ్వు ఇంత నిమ్మళంగా ‘అండీ’ అంటున్నావంటే నీకింకా చాలా టైముంది. పడుకో.”

నా మర్యాదే నా మీద సాక్ష్యమైంది. చేత్తో పొట్ట తడిమితే తెలిసే సంగతి అది. ఆమె తడమలేదు. ఇంకోసారి పిలిస్తే బుద్ధిమంతురాలన్న పేరు పోతుందేమోనని, పోతే దెబ్బలు పడతాయేమోనని, ఉండ మళ్ళీ నోట్లో పెట్టుకున్నాను. కొరికీ కొరికీ దవడ నొప్పి పుట్టింది. పక్కామె అరుపులు మాత్రం ఆగలేదు. చివరికి నర్సుకే విసుగొచ్చి, “దీని గోల నేను పడలేను. డాక్టరమ్మని పిలవండి, ముందు దీన్ని వదిలించుకుందాం,” అని ఆయాని పంపింది. డాక్టరమ్మ వచ్చింది. అందరూ ఆ బల్ల చుట్టూ చేరారు. కాన్పు అయింది. మగపిల్లాడు. వాడూ తల్లిలాగే గొంతు పగిలేట్టు ఏడ్చాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కుని నా బల్ల పక్క నుంచే వెళ్ళిపోయింది. నేను ఆమె వైపు చూశాను. నోట్లో ఉండ ఉంది కాబట్టి చూడటం తప్ప ఏమీ చెయ్యలేదు.

ఆ తర్వాతే నాకు ఉమ్మనీరు పోయింది. బల్ల మీద నుంచి కారి నేల మీద పడింది. ఆయా చూసి చీపురు విసిరికొట్టింది.

“బల్ల మీదే పోసేశావా? పుట్టింటోళ్ళు దొడ్డికెళ్ళడం కూడా నేర్పలేదా? దిగు. దిగి నువ్వే తుడువు.”

ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నేను దిగాను. నిండు నొప్పుల్లో, ఒంటి మీద సరైన గుడ్డ లేకుండా, ఇనప బల్ల పట్టుకుని దిగి, అమ్మ సర్దిన పాత చీర తీసి నేల మీద గొంతుకూర్చుని తుడిచాను. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. పచ్చగా పోతే లోపల బిడ్డ ఇబ్బందిలో ఉన్నట్టని నాకు తెలియదు. తెలియాల్సినవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు. తుడుస్తుండగానే కిందికి ఏదో బరువుగా జారినట్టయింది. లేవబోతే లేవలేకపోయాను. ఆయా కాలితో నా చెయ్యి పక్కకి నెట్టబోయి, వంగి చూసి, కేకేసింది.

ఆ తర్వాత అంతా ఒకేసారి జరిగింది. నలుగురూ కలిసి నన్ను బల్ల మీదికి ఎత్తిపడేశారు. నర్సు స్టూలెక్కి రెండు మోచేతులూ నా పొట్ట మీద ఆనించి పై నుంచి కిందికి నొక్కింది. ఊపిరాడలేదు. కోస్తున్నామని చెప్పకుండానే కోశారు. తోలు తెగిన చప్పుడు నాకు వినపడింది. బిడ్డ వచ్చేసిందని ఒంటికి తెలిసింది, చెవులకి మాత్రం తెలియలేదు. గదిలో ఏడుపు లేదు. మా ఇంటి పిల్ల కదా, నోరు మెదపదులే అని ఒక్క క్షణం అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు. దాన్ని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశారు. వీపు మీద కొట్టారు. ముక్కులో గొట్టం పెట్టారు. కాసేపటికి వాళ్ళ చేతులు నిదానించాయి. ఆయా దాన్ని గుడ్డలో చుట్టి మూలనున్న బల్ల మీద పెట్టింది.

“చూపించండి,” అన్నాను.

“చూసి ఏం చేస్తావు? ఆడపిల్లేలే. మళ్ళీ కందువుగానీ,” అంది ఆయా. ఓదార్చాననే అనుకుంది ఆ మనిషి. ఆమె గొంతులో కోపం లేదు.

మత్తు ఇవ్వకుండానే కుట్లు వేశారు. సూది దిగిన ప్రతిసారీ నా మడమలు బల్లకి కొట్టుకున్నాయి. నేను అప్పటికీ అరవలేదు. అరవడానికి ఇక కారణం కూడా లేదు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చేసరికి అంతా సర్దేశారు. “నన్నెందుకు పిలవలేదు?” అని నర్సుని అడిగింది.

“అరవలేదు మేడమ్ ఈ అమ్మాయి. ఒక్కసారంటే ఒక్కసారి కూడా అరవలేదు. మాకెట్టా తెలిసిద్ది?”

ఆయా కింద పడి ఉన్న ఉండని చీపురుతో ముందుకి నెట్టింది. తడిసి, పళ్ళ గాట్లు పడి, దారం తెగి ఉంది. “ఇది నోట్లో కుక్కుకుంది మేడమ్,” అంది.

డాక్టరమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. అమ్మను లోపలికి పిలిపించి, తలుపు దగ్గరే నిలబెట్టి చెప్పింది. “నీ కూతురు నోరు మూసుకుని బిడ్డని చంపుకుంది. నొప్పొస్తే అరవాలని నేర్పలేదా నువ్వు? మీలాంటివాళ్ళు ఎప్పటికి మారతారు?”

అమ్మ నేల మీదున్న ఆ ఉండ వైపు చూస్తూ నిలబడింది. తర్వాత వంగి దాన్ని తీసి చీర చెంగులో దాచుకుంది, ఇంకెవరైనా చూస్తారేమో అన్నట్టు. ఆ క్షణం నుంచీ మా అమ్మ తన మనవరాలిని తానే చంపానని నమ్మడం మొదలుపెట్టింది.

ఇక్కడ నా మాట నేను చెప్పుకోవాలి. ఆ గదిలో కళ్ళున్నవాళ్ళు నలుగురున్నారు. చేతులున్నవాళ్ళూ వాళ్ళే. పొట్ట మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె వినడం వాళ్ళ పని. పచ్చగా పోయిన నీళ్ళు చూసి పరిగెత్తడం వాళ్ళ పని. అరిచినామెని తొడలు వాచేలా కొట్టి, అరవనిదాన్ని ఎందుకు అరవలేదని అడిగే ఆ నోళ్ళకి పురుగులు పడాలని నేను చాలా ఏళ్ళు కోరుకున్నాను. ఇప్పటికీ కోరుకుంటాను. తప్పు నాది కాదు, మా అమ్మది అంతకన్నా కాదు. ఈ మాట అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. చదువుకున్న డాక్టరమ్మ చెప్పింది కదా అనేది.

నాన్నా, నా మొగుడూ కలిసి బిడ్డని తీసుకెళ్ళి ఖననం చేసి వచ్చారు. నా మొగుడు మిర్చి టిక్కీలు, ఎండుకాయల పెద్ద బస్తాలు, మోసే పనికి పోయేవాడు. ఎంత బరువైనా ఎత్తేవాడు గానీ, ఆ రోజు వార్డులోకి వచ్చి గోడకానుకుని, అలా జారి కూర్చుండిపోయాడు. మగవాళ్ళు ఉండకూడదని అతన్ని కూడా గెంటేశారు.

నన్ను బాలింతల వార్డులోకే మార్చారు. మంచానికిద్దరు. నా మంచం మీద నాతోపాటు పడుకున్నది ఎవరో కాదు, పక్క బల్ల మీద అరిచిన ఆమే, ఆమె కొడుకు. ఆమె తల ఒకవైపు, నా తల ఒకవైపు. వాళ్ళ అత్త వచ్చీరాగానే పిల్లాడి మొహం మీద గుడ్డ కప్పింది. బిడ్డ పోయిన దాని కళ్ళు పడకూడదని. నాకు వినపడేట్టే అంది. “ఊరుకో అత్తా,” అని ఆమె విసుక్కుందిగానీ గుడ్డ మాత్రం తియ్యలేదు. అటు తిరిగి పడుకున్నప్పుడు ఆమె చీర పైకి జరిగింది. తొడ మీద వేళ్ళ గుర్తులు కమిలి నీలంగా ఉన్నాయి. ఆ తొడ పక్కనే పిల్లాడు నిద్రపోతున్నాడు. అమ్మ మంచం కింద కూర్చుని ఆ గుర్తుల్ని చాలాసేపు చూసింది. ఎందుకు అంతగా చూస్తుందో నాకప్పుడు అర్థం కాలేదు.

వాడు ఏడ్చినప్పుడల్లా నాకు పాలొచ్చేవి. రవిక తడిసి అట్టకట్టింది. రొమ్ములు రాళ్ళయి జ్వరం వచ్చింది. పాలు ఎండడానికి మా వైపు మల్లెపూలు కడతారు. అమ్మ బయటికెళ్ళి, కట్టని పూలు తెచ్చి, రవికలో సర్ది పైన గుడ్డ బిగించింది. రౌండుకి వచ్చిన నర్సుకి వాసన తగిలింది. అవి ఎందుకు కట్టుకుంటారో ఆమెకి తెలియక కాదు, ఆమెదీ ఈ నేలే. అయినా అందరూ వినేట్టు, “బిడ్డని మట్టిలో పెట్టొచ్చి పూలు కావాల్సొచ్చాయా నీకు?” అంది. గుడ్డ విప్పించి పూలన్నీ నేల మీద దులిపించింది. వార్డులో కొందరు నవ్వారు. అమ్మ పూలు ఏరుకోబోతే, “చెత్త, ఊడ్చెయ్యి,” అని ఆయాకి చెప్పి వెళ్ళిపోయింది. ఆ జ్వరంతోనే, కుట్లు పచ్చిగా ఉండగానే పంపేశారు. బస్సులో సీటు దొరికింది గానీ నేను కూర్చోలేకపోయాను. ఊరొచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను.

కొన్నాళ్ళకి మళ్ళీ నెల తప్పింది. ప్రైవేటు ఆసుపత్రికి పోయే తాహతు మాకు లేదు. మళ్ళీ ఆ బల్లే, ఆ మనుషులే. అమ్మ ఈసారి దూది ఏకించలేదు. ఏడో నెలలో నన్ను పుట్టింటికి తీసుకొచ్చిన మర్నాడే, “పద, చేలోకి పోదాం,” అంది.

“ఎందుకు?”

“నీకు అరవడం రాదు. నేర్చుకుందువుగాని.”

నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు. అరుపు నేర్చుకోవాలా అనుకున్నాను గానీ, పత్తిచేలో నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పుట్టినప్పటి నుంచీ మింగిన గొంతు అది, రమ్మనగానే ఎక్కణ్ణించి వస్తుంది? “ఇంకా గట్టిగా. పొట్టలోంచి రావాల,” అని అమ్మ చూపించబోయింది. ఆమెకీ రాలేదు. పెంచిన మనిషికి ఉంటే కదా నాకుండేది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, అప్పుడు మాత్రం నవ్వుకున్నాం. రోజూ పొద్దున్నే వెళ్ళేవాళ్ళం. మెల్లగా వచ్చింది. ఒకరోజు నా కేకకి పక్క చేలో మందు కొడుతున్న రైతు ట్యాంకు దింపేసి, కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఏ పామమ్మా? ఎటు పోయింది?”

“పాము కాదన్నా,” అంది అమ్మ. “కాన్పుకి నేర్పిస్తన్నా.”

ఆయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి మాకు పిచ్చెక్కిందని ఊరంతా తెలిసింది. సందులో ఆడవాళ్ళు అమ్మతో మాట్లాడటం తగ్గించారు. ఇన్నేళ్ళు మెచ్చుకున్న నోళ్ళే కూతుర్ని బరితెగించేట్టు చేస్తోందని అన్నాయి. అమ్మ పట్టించుకోలేదు. ఆమెకి ఆ వార్డులో చూసిన గుర్తులు మనసులో నాటుకుపోయాయి. ఎవరి ఒంటి మీద దెబ్బలున్నాయో వాళ్ళ పక్కన బిడ్డ ఉంది, ఎవరి ఒళ్ళు నున్నగా ఉందో వాళ్ళ పక్కన లేదు. మా అమ్మ లెక్క అంతే.

రెండోసారి ఆసుపత్రి గేటు దగ్గరే మొదలుపెట్టాను. నొప్పి ఉన్నా అరిచాను, లేకున్నా అరిచాను. తలుపు అవతల నుంచి అమ్మ నన్ను మించి కేకలేసింది. “అరువమ్మా, గట్టిగా. ఆపమాక.” నర్సు మారింది గానీ చెయ్యి మారలేదు. మొదటి దెబ్బకి కళ్ళు బైర్లు కమ్మాయి.

“మొగుడి దగ్గరికి పోయేటప్పుడు తెలియలేదా?” అదే మాట. ఇది వాళ్ళకి ఎక్కడ నేర్పిస్తారో నాకు తెలియదు గానీ, అందరికీ ఒకేలా నేర్పిస్తారు. “నోరు ముయ్యి. మూస్తావా లేదా?”

నేను మూయలేదు. తిట్టింది, గిల్లింది, చెంప మీద ఒకటి, తొడల మీద లెక్కలేనన్ని. కాళ్ళు పట్టీలతో కట్టేసింది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. పక్క బల్లల మీదివాళ్ళు భయంతో నన్నే చూశారు. ఆఖరికి, “ఈ రాక్షసితో నా వల్ల కాదు, డాక్టర్ గారిని రమ్మనండి,” అని నర్సే కేకేసింది. ఆ మాట కోసమే నేను అన్ని దెబ్బలు తిన్నాను. డాక్టరు వచ్చి, విసుక్కుంటూనే పొట్ట మీద గొట్టం పెట్టి విన్నది. బిడ్డ గుండె తగ్గుతోందంది. పరుగులు పెట్టారు. ఈసారి కూడా ఆడపిల్లే. ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నేను నోరు మూసుకున్నాను.

పట్టీలు విప్పుతుంటే నర్సుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. “మీరు చల్లగా ఉండాలి సిస్టర్,” అన్నాను. నన్ను కొట్టిన చేతికి, మనస్ఫూర్తిగా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ దెబ్బలకన్నా ఆ దణ్ణమే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

అమ్మ లోపలికొచ్చి బిడ్డని చూసింది. తర్వాత నా పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగి అడిగింది. “కొట్టారా?”

“కొట్టారు.”

“ఏదీ, చూపించు.”

చీర పక్కకి జరిపాను. అమ్మ ఒక్కో గుర్తునీ వేలితో తడిమింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. “అల్లా దయ. బాగా పట్టించుకున్నారు,” అంది.

పురుడు రోజున సందులో ఆడవాళ్ళంతా బిడ్డని చూడటానికి వచ్చారు. మాటలు మానేసినవాళ్ళు కూడా వచ్చారు. అమ్మ ముందు బిడ్డని చూపించింది, తర్వాత నా చీర కొంచెం పైకి తీసి గుర్తులు చూపించింది. అప్పటికి అవి పసుపుపచ్చగా మారుతున్నాయి. పెద్దవాళ్ళు వంగి వంగి చూసి తలలూపారు. వాళ్ళలో ఎదురింటి కొత్త కోడలుంది. వాడరేవు వైపు పిల్ల. తొలిచూలు, నెలలు దగ్గరపడ్డాయి. ఆ పిల్ల బిడ్డ వైపు చూడనే లేదు, నా తొడ వైపే చూస్తోంది. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి కూర్చుంది.

“నన్ను కూడా కొడతారా అక్కా?” అంది.

కొట్టరులే అని ఉండాల్సింది. మూలన ఉన్న బిడ్డ ఖాళీ నోటితో చప్పరిస్తూ నిద్రపోతోంది.

“కొట్టేదాకా అరుస్తూనే ఉండు,” అన్నాను. “కొట్టాక అసలు ఆపొద్దు.”

ఆ పిల్ల బుద్ధిగా తలూపింది.